దినమున కొక సంతోషము



తైత్తిరీయోపనిషత్తు ఆనందమును లెక్కించినది. యువకుఁడు, బలశాలి, విద్యావంతుఁడు, ధనపూర్ణమైన భూమియంతయుఁ దనదైనవాఁడు; అట్టివాని సంతోషమే అచ్చట మొదటి కొలత. అటుపైన నూఱేసి రెట్లు. బాల్యమున వల్లించితిని గాని, నా గృహిణి గతించిన యేఁటనే నాకు సంశయము కలిగెను. ఆ మొదటి కొలతయే లేని ముసలివాఁడు దేనితో లెక్క మొదలిడవలెను?

ఆ యేఁటి భాద్రపద అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మనాఁడు, పొరుగింటి బాలిక తంగేడుపూలు తెచ్చి, "తాతా, అవ్వ ఎట్ల పేర్చేది?" అని యడిగినది. నాకుఁ దెలియదు. నలువది యేండ్లు ఆమె నా కన్నులయెదుటనే పేర్చినది, నేను చూడనేలేదు.

ఆ రాత్రి పాత హాజరుపట్టీ వెనుక "తంగేడు పసుపు" అని వ్రాసితిని. నాఁటినుండి దినమున కొక పంక్తి. హనుమకొండ వేయిస్తంభముల గుడిని 1163లో రుద్రదేవుఁడు కట్టించెనని పిల్లల కెన్నిమార్లు చెప్పితినో! అచ్చటి నల్లరాతి నంది వీఁపుపై ప్రొద్దుటెండ నిగనిగలాడుట చూచినది మొన్ననే.

కొన్ని దినములు ఏమియు దొరకదు. అపుడు గీఁత గీసి విడుతును, అబద్ధము వ్రాయను. నిన్నటి పంక్తి యిది: "ఎవరి యింటనో పేలాలు వేఁగుచున్న వాసన."