పాడి పశువుకు మాంసకృత్తులు మన మాగాణి నుండే
(కూచిపూడి రైతులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



కూచిపూడి పేరు నాట్యము వలన దేశదేశములకు తెలియును. కాని ఈ మొవ్వ ప్రాంతపు రైతు ఇంటికి నిత్యము ఆసరా వరి, గేదె. వరికి ఎరువు, మందు వేళకు అందించెదము. గేదెకు మాత్రము వరిగడ్డి వేసి ఊరకుందుము. ఈని ఏడాది దాటినను అది చూలు కట్టనిచో అప్పుడు మందుల కొరకు తిరిగెదము. మందు కంటె ముందు మేతను చూడవలెను.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ గడ్డిని చక్కగా జీర్ణము చేయుటకైనను మేతలో సుమారు 7 పాళ్లు ఉండవలెను. కనుక ఒట్టి గడ్డి తిన్న గేదెకు కడుపు నిండును గాని ఒంటికి పట్టదు. ఈనిన పిమ్మట తన కొవ్వును, కండను కరగించి పాలిచ్చును. అట్టి పశువు సకాలములో ఎదకు రాదు.

వేరుశనగ చెక్కలో నూటికి 40 పాళ్లకు పైగా మాంసకృత్తులు కలవు. కాని దానినంతయు కొని పెట్టిన పాల డబ్బు దాణాకే పోవును. కొంత భాగమునకు బదులు మన పొలములోనే ఉన్నది.

వరి తరువాత పిల్లిపెసర మాగాణిలో మిగిలిన పదునుతోనే పెరుగును. దాని పచ్చిమేత 10 కిలోలలో సుమారు 300 గ్రాముల మాంసకృత్తులుండును. ఇది ముప్పాతిక కిలో వేరుశనగ చెక్కతో సమానము. జనుమును పూత మొదలగునప్పుడే కోయుడు, ముదిరిన నారకట్టును. చేనంతయు మినుము చల్లువారు గేదెల కొరకొక మూల విడువుడు. ఈ పైరుల వేళ్లు నేలకు నత్రజనిని కూడ చేర్చును. గట్లపై అవిసె వేయుడు. పప్పు మిల్లుల మినపపొట్టును దాణాలో కలుపుడు. సుబాబుల్ ఆకు మేతలో మూడవ వంతు మించరాదు. అందు మిమోసిన్ అను విషపదార్థము కలదు.

అజొల్లా గురించి పలువురు అడిగెదరు. మంచిదే. కాని అందు నూటికి 93 పాళ్లు నీరే. 2 కిలోల పచ్చి అజొల్లాలో మాంసకృత్తులు సుమారు 30 గ్రాములు మాత్రమే. దానిని నమ్మి చెక్క మానరాదు.

మూడు జాగ్రత్తలు చెప్పెదను.

1. లేత పచ్చిమేతను ఆకలిగొన్న పశువుకు ఒంటిగా వేయరాదు, కడుపుబ్బరము కలుగును. ఎండుగడ్డితో కలిపి వేయుడు.

2. బూజు పట్టిన చెక్క ముట్టరాదు. 1960లో ఇంగ్లండులో బూజు విషమున్న వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినవి. ఈ విషము పాలలోనికి కూడ దిగును.

3. మాంసకృత్తులు మితిమీరినను హానియే. మిగులు భాగము యూరియాగా మారి రక్తములో చేరి, చూలు నిలువకుండ చేయును. కావున తవుడు, నూకలు, మొక్కజొన్న వంటి శక్తినిచ్చు దాణాను జోడింపుడు. దినమునకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమము మరువకుడు.

మేత సరియైనను ఎదను కనిపెట్టనిదే ఫలము లేదు. గేదెలకు మూగ ఎద ఎక్కువ. ఉదయము, రాత్రి చూడుడు. ఈనిన తేదీ, ఎద తేదీ గోడపై వ్రాసి పెట్టుడు. ఎద 21 రోజులకొకమారు వచ్చును. ఒక్క ఎద తప్పిపోయిన, మూడు వారముల మేత ఖర్చు మీ చేతి నుండి పోయినట్లే. ఈనిన మూడు నెలలకును ఎద కానరానిచో పశువైద్యునికి చూపుడు.

ఈ కోతల వెనుక ఒక మూల పిల్లిపెసర చల్లి, ఒక్క గేదెకు వేసి, పాలు కొలిచి చూడుడు. ఆ పిమ్మట మిగిలిన వాటి సంగతి మీరే నిర్ణయింపుడు.