పుట్టినింటి పాస్‌పోర్టు, మెట్టినింటి పౌరసత్వం



పెళ్ళితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. దేశం కూడా మారుతుందా అన్నది ఈనాటి నా ప్రసంగ విషయం. మారదు. మూడు ముళ్ళు పడిన క్షణాన భారత చట్టం వధువుకు గాని వరునికి గాని పౌరసత్వాన్ని ప్రసాదించదు. దానిని అడిగే అర్హతను మాత్రమే, అదీ కొన్నేళ్ళ తరువాత, ఇస్తుంది. ఆ కొన్నేళ్ళలో ఎన్ని కార్యాలయాల గడపలు తొక్కాలో, ఎన్ని ప్రయాణాలు చేయాలో, ఎన్ని ప్రయాణాలు మానుకోవాలో మీకు మనవి చేయదలచుకున్నాను.

సింధు రాష్ట్రంలో ఉమర్‌కోట్ అనే ఊరున్నది. 1542లో అక్బరు జన్మించినది అక్కడే. ఆ ప్రాంతంలో సోఢా రాజపుత్రులు తరతరాలుగా నివసిస్తున్నారు. మనలో సగోత్రీకుల మధ్య వివాహం పనికిరానట్లే, సోఢాలు తమ వంశం వారందరినీ తోబుట్టువులుగానే ఎంచుతారు. కనుక పిల్లనివ్వాలన్నా, పిల్లను తెచ్చుకోవాలన్నా వారి చూపు రాజస్థాన్‌లోని ఇతర రాజపుత్ర కుటుంబాల మీదనే పడుతుంది. 1947లో గీసిన గీత ఆ వియ్యాల నడుమగా సాగిపోయింది. వియ్యాలు మాత్రం ఆగలేదు.

1965 యుద్ధంతో ఆ ఎడారి మార్గంలోని రైలు ఆగిపోయింది. నలభై ఏళ్ళ తరువాత, 2006 ఫిబ్రవరిలో, జోధ్‌పూర్ చెంతనున్న భగత్ కీ కోఠీ నుంచి మునాబావ్, ఖోఖ్రాపార్‌ల మీదుగా కరాచీ వైపు థార్ ఎక్స్‌ప్రెస్ మళ్ళీ కదిలింది. వారానికి ఒక్క బండి. ఆ ఒక్క బండి కోసం రెండు దేశాలలోనూ పెళ్ళి ముహూర్తాలు సర్దుకునేవి. 2019 ఆగస్టులో అదీ నిలిచిపోయింది. ఆపైన సరిహద్దుకు కొద్ది దూరంలోనే ఉన్న పుట్టినూరికి వెళ్ళాలంటే పంజాబు దాకా ఎగబ్రాకి, అటారీ-వాఘా దాటి, లాహోరు నుంచి మళ్ళీ దక్షిణానికి దిగవలసి వచ్చింది. ఎదురింటికి పోవడానికి ఊరంతా చుట్టివచ్చినట్లన్నమాట.

ఇక చట్టం సంగతి. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 5వ సెక్షను, భారత పౌరుని పెండ్లాడిన స్త్రీ పౌరురాలిగా నమోదు కావచ్చునన్నది. భారత స్త్రీని పెండ్లాడిన విదేశీ పురుషుని మాట అందులో లేదు. 1986లో ఆ భేదం తొలగి, స్త్రీపురుషులిద్దరికీ అయిదేళ్ళ నివాసం నియమమైంది. 2003 నాటి సవరణ దానిని ఏడేళ్ళకు పెంచింది. అంతకు ముందు ‘వివాహమైయున్న, లేక ఒకప్పుడు వివాహమైన’ వ్యక్తులు అని ఉండేది. ఇప్పుడు ‘వివాహమైయున్న’ వ్యక్తి అని మాత్రమే ఉన్నది. ఏడేళ్ళు నిండకముందే భర్త మరణిస్తే ఆ స్త్రీ గతి ఏమిటన్న ప్రశ్న ఆ చిన్న తొలగింపులోనే దాగియున్నది. చట్టాలు చదివేటప్పుడు చేర్చిన మాటలతోపాటు తీసివేసిన మాటలను కూడా చూడవలెనని మీలో న్యాయశాస్త్రం చదువబోయే వారికి నా సలహా.

ఏడేళ్ళను లెక్కించే తీరు మరీ సూక్ష్మమైనది. దరఖాస్తుకు ముందటి పన్నెండు నెలలూ అభ్యర్థి ఎడతెగకుండా భారతదేశంలోనే ఉండాలి. ఆ పన్నెండు నెలలకు ముందటి ఎనిమిదేళ్ళలో మొత్తం మీద ఆరేళ్ళకు తగ్గకుండా ఇక్కడ గడిపి ఉండాలి. అంటే తొలి ఎనిమిదేళ్ళలో పురుళ్ళకూ పండుగలకూ పుట్టింటికి పోయిరావడానికి చట్టం రెండేళ్ళ మేరకు వెసులుబాటు ఇచ్చింది. చివరి ఏడాదిలో ఆ తలుపు మూసుకుంటుంది. పదకొండవ నెలలో తల్లికి జబ్బుగా ఉన్నదని కబురు వచ్చిందనుకోండి. పోతే పన్నెండు నెలల లెక్క తెగుతుంది. పోకపోతే ఆ కడసారి చూపు మళ్ళీ రాదు. ప్రత్యేక పరిస్థితులలో ముప్పై రోజులకు మించకుండా సడలింపు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి 2015 సవరణతో వచ్చింది. మానవీయమైన సవరణ అది. అయితే ఆ సడలింపునకూ కాగితం కావాలి, కారణం వ్రాతమూలకంగా నమోదు కావాలి. జబ్బు కాగితం కోసం ఆగదు. పైగా దీర్ఘకాలిక వీసాపై ఉన్న పాకిస్తానీ వధువు, తిరిగి రావడానికి అభ్యంతరం లేదన్న పత్రం చేతిలో లేనిదే బయలుదేరడం క్షేమం కాదు.

కార్యాలయాల విషయానికి వస్తాను. వధువు రాగానే విదేశీయుల నమోదు అధికారి వద్ద హాజరు కావాలి. పెద్ద నగరాలలో ఇందుకు ప్రత్యేక కార్యాలయాలున్నవి. జిల్లాలలో సాధారణంగా ఈ పని పోలీసు సూపరింటెండెంటుదే. పాకిస్తాను జాతీయుల వీసాలో ఏయే ఊళ్ళకు పోవచ్చునో వ్రాసి ఉంటుంది. ఆ హద్దు దాటి బంధువుల పెళ్ళికి పోవాలన్నా ముందు అనుమతి పొందాలి. వీసా గడువు తీరకముందే పొడిగింపు కోరాలి. తేదీ మరచి గడువు దాటి ఉండిపోతే చట్టం దృష్టిలో ఆమె అక్రమ వలసదారు అవుతుంది. అక్రమ వలసదారుకు నమోదు ద్వారా పౌరసత్వం పొందే అర్హత లేదు. ఆ ఇంట క్యాలెండరు మీద ఏకాదశి కంటే ఆ తేదీయే ముఖ్యం.

పుట్టినింటి పాస్‌పోర్టు కూడా చెల్లుబాటులో ఉండాలి. దానిని మార్చుకొనడానికి ఢిల్లీలోని చాణక్యపురికి, పాకిస్తాను హైకమిషను వద్దకు పోవాలి. జోధ్‌పూర్ నుంచి అది ఒక రాత్రి రైలు ప్రయాణం. ఎడారి పల్లె నుంచి జోధ్‌పూర్ చేరడం వేరే. వివాహ ధ్రువపత్రం మరొక మెట్టు. వివాహాల నమోదును తప్పనిసరి చేయవలసిందిగా సుప్రీంకోర్టు 2006లోనే రాష్ట్రాలను ఆదేశించింది. అయినా పల్లె పెళ్ళికి పురోహితుడూ, అగ్నిహోత్రమూ, బంధువులూ సాక్షులవుతారే గాని రిజిస్ట్రారు కాడు.

దరఖాస్తును నేడు కంప్యూటరు ద్వారా పంపుతున్నారు. అసలు పత్రాల పరిశీలనకు మాత్రం మనిషి కలెక్టరు కార్యాలయానికి వెళ్ళక తప్పదు. పోలీసు విచారణ జరుగుతుంది. నివేదిక రాష్ట్ర ప్రభుత్వానికీ, అక్కడి నుంచి కేంద్ర హోం మంత్రిత్వ శాఖకూ చేరుతుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌లకు చెందిన అల్పసంఖ్యాకుల దరఖాస్తుల విషయమై 2016లో జోధ్‌పూర్, జైసల్మేర్ మొదలైన కొన్ని జిల్లాల కలెక్టర్లకే అధికారాన్ని బదలాయించారు. ఢిల్లీ దాకా పోయే ఫైలు జిల్లాలోనే ముగియడం చిన్న మేలు కాదు.

మన హైదరాబాదుకూ ఈ కథ కొత్తది కాదు. దేశవిభజన తరువాత కరాచీకి తరలిన హైదరాబాదీలు అక్కడ హైదరాబాద్ కాలనీ కట్టుకున్నారు. బహదూర్ యార్ జంగ్ పేర బహదూరాబాద్ వెలసింది. అన్నదమ్ములు చెరొక దేశంలో ఉండిపోగా, వారి పిల్లల నడుమ సంబంధాలు కలిసిన ఇళ్ళు పాతబస్తీలో ఉన్నవి.

దీనికి భిన్నమైన సరిహద్దు ఒకటి చెప్పి తీరాలి. సీతమ్మ పుట్టిల్లు జనకపురి నేడు నేపాలులో ఉన్నది. అక్కడివారికీ బీహారువారికీ ఉన్న బంధాన్ని ‘రోటీ-బేటీ’ సంబంధమంటారు. 2022 ఏప్రిల్‌లో జయనగర్ నుంచి కుర్థా వరకు రైలు ఆరంభమైంది. వధువుకు వీసా అక్కరలేదు. నేపాలు పౌరుని పెండ్లాడిన విదేశీ స్త్రీ, తన పూర్వ పౌరసత్వాన్ని వదులుకొనే ప్రక్రియ ఆరంభించినట్లు చూపి అక్కడ పౌరసత్వం కోరవచ్చు. నేపాలీ స్త్రీని పెండ్లాడిన విదేశీ పురుషునికి ఆ దారి లేదు. మనం 1986లో దిద్దుకున్న భేదం అది.

2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తరువాత అటారీ ద్వారం మూసివేయబడింది. పాకిస్తాను జాతీయుల వీసాలు అనేకం రద్దయ్యాయి. తల్లిది ఒక పాస్‌పోర్టు, బిడ్డలది మరొకటి అయిన కుటుంబాలు ఆ ద్వారం వద్ద విడిపోవలసి వచ్చింది. దేశ భద్రతను నేను తక్కువ చేసి మాట్లాడను. కాని ఏడేళ్ళ ఫైలులో ఒక్క సంతకం ముందుగా పడివుంటే, ఆ వరుసలో నిలబడవలసిన అవసరమే కొందరికి ఉండేది కాదు.

ఫైలు ముగిసిన నాడు వధువు పూర్వ పౌరసత్వాన్ని త్యజించి, రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేసి, ధ్రువపత్రం అందుకుంటుంది. ఆపైన భారత పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటుంది. అది చేతికి వచ్చాక తల్లిని చూడబోవాలంటే, చాణక్యపురిలోని ఆ భవనం ముందే, ఈసారి వీసా కోసం, ఆమె మళ్ళీ నిలబడాలి.