లిస్టు కింద నిలబడ్డ మనిషి
(స్మారకోపన్యాసం, కడప)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సాయంత్రం ఇక్కడ కూడామో, ఆ డ్రిల్లు సారు చేసే పని ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. జట్టు ఎంపిక రోజున లిస్టు తానే రాసి, మైదా జిగురుతో బడి గోడకు అతికించి, దాని కిందే పొద్దుగూకేదాకా నిలబడేవారు. పేరు లేని పిల్లోడు వచ్చి "నేనెందుకు లేను సార్?" అంటే జవాబు చెప్పేవారు. ఒకసారి ఒక పిల్లోడి మాట విని, జేబులో పెన్ను తీసి అక్కడికక్కడే లిస్టు దిద్దారు. దాంతో ఆయన పరువేమీ పోలేదు.

వివాదం రచ్చకెక్కినప్పుడు క్రీడాసంఘం ఎలా మాట్లాడాలన్నది ఈనాటి నా విషయం. ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. మన కడప, కర్నూలు పిల్లలు ఆడేది ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ నీడనే.

2024 జనవరిలో బెంగాల్‌తో తొలి రంజీ మ్యాచ్ కాగానే హనుమ విహారి ఆంధ్ర జట్టు కెప్టెన్సీ వదిలారు. వ్యక్తిగత కారణాలన్న మాట బయటికొచ్చింది. అంతకుముందు ఏడాది ఇండోర్‌లో మణికట్టు విరిగినా, కుడిచేతి ఆటగాడై ఉండి ఎడమచేతి వాటంగా నిలబడి జట్టు కోసం ఆడిన మనిషాయన. ఫిబ్రవరి 26న అదే ఇండోర్‌లో, మధ్యప్రదేశ్ మీద 170 కొట్టాల్సిన చోట ఆంధ్ర 165కే ఆగి, 4 పరుగులతో క్వార్టర్‌ఫైనల్ ఓడింది. ఆ రోజే విహారి నోరు విప్పారు. జట్టులో పదిహేడో ఆటగాణ్ణి కేకలేశాననీ, అతని తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో తనను దిగిపొమ్మన్నారనీ, ఇక ఆంధ్రకు ఆడననీ ప్రకటించారు. ఆ ఆటగాడు కాదన్నాడు. విహారి దురుసుగా మాట్లాడారని ఫిర్యాదులు వచ్చాయని సంఘం చెప్పింది.

ఎవరి మాట నిజమో తేల్చడం నా పని కాదు. ఒక్కటే అడుగుతాను. ఫిర్యాదు ముందే ఉంటే, విచారణ రచ్చ అయ్యేదాకా ఎందుకు ఆగింది? అప్పుడు మూతపెట్టిన కాగితాన్ని ఇప్పుడు బయటికి తీస్తే, అది నిజమైనా జనానికి కక్షసాధింపుగానే కనబడుతుంది.

వేరే రాష్ట్రానికి ఆడేందుకు నిరభ్యంతర పత్రం కోసం రెండు నెలలు అడిగినా రాలేదనీ, పరిస్థితి మారగానే వచ్చిందనీ జూన్‌లో విహారి చెప్పారు. అప్పటికి రాష్ట్రంలో ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆ నెలలోనే మంత్రి లోకేశ్‌ను కలిసి, తిరిగి ఆంధ్రకే ఆడతానన్నారు. మంచిదే. కానీ పత్తికొండ నుంచో జమ్మలమడుగు నుంచో కిట్టుబ్యాగు ఒళ్లో పెట్టుకుని తొలి బస్సెక్కే పిల్లోడికి ఏ మంత్రి దొరుకుతాడు?

మూతపెట్టడం ఒక తప్పయితే, తొందరపాటు ఇంకొకటి. 2000 డిసెంబరులో భారత మాజీ కెప్టెన్ అజారుద్దీన్‌పై మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణతో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదంది. ఈలోగా ఆడే వయసు గడిచిపోయింది.

వేరే దారీ ఉంది. 2018లో కేప్‌టౌన్‌లో బంతిని గీకిన వ్యవహారంలో ముగ్గురు ఆటగాళ్లను శిక్షించాక, ఆస్ట్రేలియా బోర్డు తన తీరుతెన్నులనూ బయటివాళ్లతో పరీక్ష చేయించుకుంది. అహంకారం తలకెక్కిందన్న మాట తన మీదే వస్తే అచ్చేసి బయటపెట్టింది. రోజుల్లోనే బోర్డు అధ్యక్షుడు తప్పుకున్నారు. పరువు తిరిగి రావడం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అందుకే తొలి ప్రకటనలో మూడు సంగతులుండాలి: ఫిర్యాదు ఎప్పుడొచ్చింది, విచారించేదెవరు, ఎన్నాళ్లలో తేలుస్తారు. సంతకం పెట్టినవారు ప్రశ్నలకు దొరకాలి. మన జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది. ఆమెను చూసి బంతి పట్టుకునే ఆడపిల్లలకు, సంఘం ఇలా జవాబు చెప్పడంకంటే పెద్ద సాయం అక్కర్లేదు.

సారు లిస్టులో నా పేరు ఎన్నడూ లేదు. అయినా మర్నాడు పొద్దున్నే గ్రౌండుకు పోయేవాణ్ణి. ఎందుకు లేదో ఆయన చెప్పారు కాబట్టి.