ట్రిప్‌కి బ్యాకప్ కెమెరా: చేతిలో ఫోన్ ఉండగా ఇంకొకటి ఎందుకు? ఏది కొనాలి?

ఈరోజు ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడదాం. జీడిమెట్ల నుంచి ఒక తమ్ముడు పంపించాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక యూనిట్‌లో షిఫ్ట్ డ్యూటీ చేస్తాడట. డిసెంబర్‌లో అమ్మని మొదటిసారి వైజాగ్, అరకు తీసుకెళ్తున్నాడు. ఫోన్ కొని మూడేళ్లయింది, మధ్యాహ్నానికే చార్జ్ అయిపోతోంది. చేతిలో 20 వేలు ఉన్నాయి. "అన్నా, ఒక చిన్న డిజిటల్ కెమెరా కొంటే బ్యాకప్‌గా పనికొస్తుందా? లేక డబ్బులు దండగా?" ఇదీ ప్రశ్న.

మంచి ప్రశ్న. ఎందుకంటే 20 వేలు అంటే చిన్న అమౌంట్ కాదు. తప్పు కెమెరా కొంటే ట్రిప్ అయ్యాక అది అల్మారాలో పడుకుంటుంది.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. బ్యాకప్ అంటే ఏంటి? మనం ట్రిప్‌కి వెళ్తే ఫోన్ ఒక్క ఫోటోలే తీయదు. ట్రైన్ టికెట్ అందులోనే. హోటల్ బుకింగ్ అందులోనే. మ్యాప్ అందులోనే. ఆధార్ డిజిలాకర్‌లో. టీ తాగినా, ఆటో ఎక్కినా యూపీఐ. ఇన్ని పనులు చేసే ఫోన్‌తోనే పొద్దుట్నుంచి 4కే వీడియోలు తీస్తే సాయంత్రానికి ఏమవుతుంది? కొత్త ఊళ్లో, రాత్రి పూట, పక్కన అమ్మ ఉండగా ఫోన్ స్విచ్ఛాఫ్. అప్పుడు పోయేది ఫోటో కాదు, రూమ్‌కి వెళ్లే దారి.

కాబట్టి బ్యాకప్ కెమెరా పని ఫోన్‌ని ఓడించడం కాదు. ఫోన్ మీద బరువు తగ్గించడం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే షాపులో సగం కన్ఫ్యూజన్ పోతుంది.

ఇంకో చిన్న లాభం కూడా ఉంది. బీచ్‌లో "అన్నా, ఒక ఫోటో తీస్తారా" అని తెలియని మనిషికి లాక్ తీసిన ఫోన్ ఇస్తాం కదా. అందులో బ్యాంక్ యాప్ నుంచి పర్సనల్ చాట్ దాకా అన్నీ ఉంటాయి. అదే కెమెరా ఇస్తే ఆ టెన్షన్ లేదు. అమ్మ చేతికి ఇచ్చినా అంతే. ఒక బటన్ నొక్కితే చాలు, మధ్యలో కాల్ రాదు, నోటిఫికేషన్ రాదు.

సరే, ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కెమెరా అంటే ఫోన్ కంటే క్వాలిటీ బాగుంటుంది అని చాలామంది అనుకుంటారు. ఇది అన్నిసార్లూ నిజం కాదు.

కెమెరాలో వెలుతురు పట్టే చిప్‌ని సెన్సర్ అంటాం. చిన్న కాంపాక్ట్ కెమెరాల్లో ఎక్కువగా 1/2.3 ఇంచ్ సెన్సర్ ఉంటుంది. పేరు చూసి మోసపోకండి, అది పాతకాలం వీడియో ట్యూబుల నుంచి వచ్చిన లెక్క. అసలు సైజు దాదాపు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు. అంటే 28 చదరపు మిల్లీమీటర్లు. ఈ రోజుల్లో మధ్యరకం ఫోన్లలో కూడా చాలావాటి మెయిన్ కెమెరా సెన్సర్ దీనికంటే పెద్దదే! పైగా ఫోన్ ఒక్క క్లిక్‌లో చాలా ఫ్రేములు తీసి, కలిపి, ఒక ఫోటో చేసి ఇస్తుంది. చిన్న కెమెరాలో అంత ప్రాసెసింగ్ ఉండదు. అందుకే రాత్రి పూట చార్మినార్ దగ్గర మీ ఫోన్, ఒక మామూలు కాంపాక్ట్ రెండూ పెట్టి తీస్తే ఎక్కువసార్లు ఫోనే గెలుస్తుంది.

ఇందుకే కదా ఆ మార్కెట్ పడిపోయింది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క చూడండి. 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికెళ్లాయి. అందులో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న కెమెరాలే. 2023కి వచ్చేసరికి అన్ని రకాలూ కలిపి 80 లక్షలు కూడా లేవు. చిన్న కెమెరాలని మింగేసింది మన జేబులో ఉన్న ఫోనే.

మరి ఇంకా ఎందుకు కొనాలి? ఫోన్ చేయలేని పని ఏదైనా చేస్తేనే కొనాలి. అలాంటివి నాలుగు ఉన్నాయి.

ఒకటి, ఆప్టికల్ జూమ్. ఫోన్‌లో వేళ్లతో లాగితే చాలాసార్లు అది ఫోటోని కత్తిరించి పెద్దది చేస్తుంది. కెమెరాలో లెన్స్ నిజంగా ముందుకు జరిగి దూరాన్ని దగ్గర చేస్తుంది. సోనీ హెచ్‌ఎక్స్ 99 అనే కెమెరా ఉంది, 24 నుంచి 720 మి.మీ. దాకా వెళ్తుంది. కానన్ ఎస్‌ఎక్స్ 740 అయితే 960 మి.మీ. దాకా. మన ఫోన్ మెయిన్ లెన్స్ 24 మి.మీ. దగ్గర ఉంటుంది. అంటే 30 రెట్లు, 40 రెట్లు తేడా. కొల్లేరు పక్కన ఆటపాకలో పెలికాన్లు చూడాలన్నా, నేలపట్టులో కొంగలు చూడాలన్నా, పులికాట్‌లో ఫ్లెమింగోలు చూడాలన్నా ఇలాంటి జూమ్ కావాలి. ఇక్కడ సెన్సర్ చిన్నదైనా పర్లేదు, ఎండలో తీస్తాం కాబట్టి.

రెండు, పెద్ద సెన్సర్. 1 ఇంచ్ సెన్సర్ అంటే 13.2 మి.మీ. వెడల్పు, 8.8 మి.మీ. ఎత్తు. మామూలు కాంపాక్ట్ కంటే నాలుగు రెట్ల ఏరియా. సోనీ ఆర్‌ఎక్స్ 100 సిరీస్, కానన్ జీ7ఎక్స్ సిరీస్ ఈ రకం. ఇంకా పైకి వెళ్తే రికో జీఆర్ 3, ఫుజీఫిల్మ్ ఎక్స్ 100 సిరీస్ ఉన్నాయి. వాటిలో సెన్సర్ ఇంకా పెద్దది, కానీ జూమ్ అస్సలు ఉండదు. ఇన్‌స్టాలో చూసి మనసు పడే కెమెరాలు ఇవే. కొత్తది కొంటే మంచి ఫ్లాగ్‌షిప్ ఫోన్ రేటు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ. బ్యాకప్ కోసం అప్పు చేసి, ఈఎంఐ పెట్టి ఇవి కొనొద్దు.

మూడు, నీళ్లు, దుమ్ము, దెబ్బలు. ఓఎం సిస్టమ్ టీజీ 7 అనే మోడల్ 15 మీటర్ల లోతు నీళ్లలో కూడా పనిచేస్తుంది. 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకునేలా చేశారు. లెన్స్ బయటికి రాదు, జూమ్ అంతా లోపలే. బొగత జలపాతం దగ్గర తడిసినా, రిషికొండ ఇసుకలో పడినా భయం లేదు. దీని ఫోటో క్వాలిటీ సాదాసీదాగానే ఉంటుంది. ఎక్కడికైనా తీసుకెళ్లగలగడమే దీని గొప్ప.

నాలుగు, అసలైన ఫ్లాష్. ఫోన్‌లో ఉండేది ఎల్‌ఈడీ, టార్చ్ లైట్ లాంటిది. చాలా కాంపాక్ట్‌లలో ఉండేది జెనాన్ ఫ్లాష్. ఒక్క క్షణం మెరిసి, కదిలే మనిషిని కూడా ఆపినట్టు పట్టేస్తుంది. పాత డిజిక్యామ్ ఫోటోల లుక్ అని ఇప్పుడు అందరూ వెతుకుతున్నది చాలావరకు ఈ ఫ్లాష్ వల్ల వచ్చేదే.

మీ ట్రిప్‌కి ఈ నాలుగింటిలో ఏది కావాలో ఒకటి ఎంచుకోండి. ఒక్కటి కూడా అక్కర్లేదంటే, నిజంగా చెప్తున్నా, కెమెరా కొనకండి.

ఇప్పుడు మన జీడిమెట్ల తమ్ముడికి జవాబు. తమ్ముడూ, ఆ 20 వేలలో మొదటి ఖర్చు కెమెరా మీద కాదు. ముందు నీ ఫోన్ బ్యాటరీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మార్పించు. రెండోది, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి, మంచి బ్రాండ్‌ది తీసుకో. ఈ రెండూ అయ్యాక మిగిలిన డబ్బుతో కెమెరా చూద్దాం. నీ ట్రిప్‌లో ఏముంది? కిటికీ పక్కన కూర్చుని లోయలు చూసుకుంటూ అరకు వెళ్లే ట్రైన్. బొర్రా గుహలు, అక్కడ వెలుతురు తక్కువ. బీచ్‌లో అమ్మ ఫోటోలు. గుహల్లో ఫోన్ నైట్ మోడ్‌నే నమ్ముకో. ట్రైన్‌లో, బీచ్‌లో పగటిపూట అయితే 8 నుంచి 12 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్న సెకండ్ హ్యాండ్ కానన్, నికాన్, సోనీ, పానాసోనిక్ ఏదైనా చాలు. అదృష్టం బాగుండి మొదటి తరం ఆర్‌ఎక్స్ 100 మంచి కండిషన్‌లో దొరికితే ఇంకా మంచిది. అది 2012లో వచ్చింది, కానీ దాని బ్యాటరీ ఎన్‌పీ బీఎక్స్ 1నే 2019లో వచ్చిన ఏడో మోడల్‌లో కూడా వాడారు. అంటే బ్యాటరీ కోసం వెతుక్కునే పని ఉండదు.

ఒక వార్నింగ్ కూడా. ఆన్‌లైన్‌లో 5 వేలకి, 7 వేలకి "48 మెగాపిక్సెల్, 4కే, 16 ఎక్స్ జూమ్" అని తెలియని బ్రాండ్ కెమెరాలు కనిపిస్తాయి. డిస్క్రిప్షన్ కిందిదాకా చదవండి. ఆ 16 ఎక్స్ పక్కన డిజిటల్ అనే మాట ఉంటుంది. డిజిటల్ జూమ్ అంటే జూమ్ కాదు, కత్తిరింపు. మెగాపిక్సెల్ నంబర్ కూడా చాలాసార్లు సాఫ్ట్‌వేర్ సాగదీసి చూపించిందే. ఒక సింపుల్ టెస్ట్ చెప్తా: ఆప్టికల్ జూమ్ ఎంత అని రాయని కెమెరా కొనొద్దు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కోఠి, అబిడ్స్ వైపు షాపుల్లో చూసినా, ఆన్‌లైన్‌లో మాట్లాడుకుని మనిషిని కలిసినా, ఈ పనులు అక్కడే చేయండి. డబ్బులిచ్చాక కాదు.

కెమెరా పదిసార్లు ఆన్ ఆఫ్ చేయండి. లెన్స్ బయటికి వచ్చేటప్పుడు గరగర శబ్దం వస్తే లోపల ఇసుక ఉన్నట్టే. రేపు మధ్యలో లెన్స్ ఎర్రర్ అని ఆగిపోతుంది. చిన్న కెమెరాలకి వచ్చే పెద్ద రోగం అదే, రిపేర్ ఖర్చు కెమెరా రేటుని దాటొచ్చు.

తెల్ల గోడని, తర్వాత ఖాళీ ఆకాశాన్ని ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. ఒకే చోట నల్ల మచ్చ కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము చేరింది. లెన్స్ ఊడదీసే కెమెరా అయితే మనం తుడుచుకోవచ్చు, దీన్ని మొత్తం విప్పాలి. లెన్స్‌లోకి టార్చ్ కొట్టి చూడండి. సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి.

బ్యాటరీ తీసి టేబుల్ మీద పెట్టండి. ఉబ్బి ఉంటే వద్దు. కార్డ్ ఏ రకమో చూడండి. పాత ఒలింపస్, ఫుజీ మోడల్స్ కొన్నిటికి ఎక్స్‌డీ కార్డ్, పాత సోనీలకి మెమరీ స్టిక్ కావాలి. ఇప్పుడు వెతికి పట్టుకోవడం తలనొప్పి. ఎస్‌డీ కార్డ్ పడేదే తీసుకోండి. అందులో కూడా మరీ పాతవి 2 జీబీ దాటితే తీసుకోవు, ఎస్‌డీహెచ్‌సీ అని రాసి ఉంటే 32 జీబీ దాకా పనిచేస్తాయి. చివరగా, పాత బిల్ అడగండి. బిల్ లేదు, బాక్స్ లేదు, రేటు మాత్రం సగానికి సగం అంటే అది ఎవరి కెమెరానో మనకి తెలియదు కదా.

ఇక ట్రిప్‌లో వాడకం. ఒక్కో చార్జ్‌కి చిన్న కెమెరాలు సుమారు 250, 300 ఫోటోలు తీస్తాయి. స్పేర్ బ్యాటరీ ఒకటి పెట్టుకోండి. ఫ్లైట్‌లో వెళ్తే స్పేర్ బ్యాటరీ, పవర్ బ్యాంక్ రెండూ చేతి బ్యాగ్‌లోనే ఉండాలి, చెక్ ఇన్ లగేజ్‌లో పెట్టకూడదు. 128 జీబీ కార్డ్ ఒకటి బదులు 32 జీబీవి రెండు తీసుకోండి, ఒకటి పోయినా సగం ట్రిప్ మిగులుతుంది. టైప్ సీ కార్డ్ రీడర్ ఒకటి కొని రోజూ రాత్రి రూమ్‌లో మంచి ఫోటోలు ఫోన్‌లోకి వేసుకోండి, కార్డ్‌లోవి మాత్రం డిలీట్ చేయొద్దు. అప్పుడు ఫోన్ పోయినా, కెమెరా పోయినా ఇంకోదాంట్లో ఉంటాయి. అసలు బ్యాకప్ అంటే ఇదే.

ఇంకోటి, కెమెరా ఉంది కదా అని అన్ని చోట్లా తీయలేం. తిరుమల గుడిలోకి ఫోన్ ఎలా వెళ్లదో కెమెరా కూడా అలాగే వెళ్లదు. క్లోక్ రూమ్‌లో పెట్టే ముందు కార్డ్, బ్యాటరీ గురించి కంగారు పడకుండా ముందురోజే కాపీ చేసి పెట్టుకోండి.

కొన్న వెంటనే ట్రిప్‌కి వెళ్లిపోకండి. ఒక ఆదివారం పొద్దున జీడిమెట్ల వాళ్లయితే ఫాక్స్ సాగర్ చెరువు దగ్గరికి, మియాపూర్ వైపు వాళ్లయితే అమీన్‌పూర్ చెరువు దగ్గరికి వెళ్లండి. అమీన్‌పూర్‌ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, పక్షులు బాగా వస్తాయి. ఫోన్‌తో ఒకటి, కెమెరాతో ఒకటి, ఒకే చోట నిలబడి 50 ఫోటోలు తీయండి. ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. ఏ పని ఫోన్‌కి ఇవ్వాలో, ఏ పని కెమెరాకి ఇవ్వాలో ఆ 50 ఫోటోలే చెప్తాయి. షాపు వాడు చెప్పక్కర్లేదు, నేనూ చెప్పక్కర్లేదు.

మీ బడ్జెట్ ఎంత, ఎక్కడికి వెళ్తున్నారు, ఆ నాలుగు పనుల్లో మీకు కావాల్సింది ఏది, ఈ మూడూ రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని తీసుకుని మాట్లాడుకుందాం. తమ్ముడూ, అమ్మతో అరకు బాగా తిరిగి రా.