మజరిన్ మణి మీది తగవు

(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసపాఠము)



ఏ గ్రంథాలయమునందైనను మొదట చినుగు అట్టలు ఏ పుస్తకములవో గ్రంథపాలకు నడిగిన నిజము తెలియును. అవి వేదాంత గ్రంథములవి కావు, చరిత్ర గ్రంథములవియు కావు. అపరాధపరిశోధక నవలలవి. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవల యొకటి వచ్చినదన్న, అది బీరువా చేరకముందే నలుగురి చేతులు మారెడిది. ఇట్టి పుస్తకములు చదువువారు కాలక్షేపమునకు చదువుదురని పెద్దలు కొందరు తేలికగా మాటలాడుదురు. వారు ఒక్క విషయము మరచుచున్నారు. అపరాధపరిశోధక కథ చదువువాడు తగవులమారి. హంతకుడు ఎడమచేతివాడని మూడవ ప్రకరణమున చెప్పి, పదవ ప్రకరణమున కుడిచేత కత్తి పట్టించిన రచయితను అతడు క్షమింపడు. తక్కిన పాఠకులు గమనింపని తప్పు నతడు గమనించును. గమనించి ఊరకుండక పదిమందికి చెప్పును.

ఈ తగవులమారితనమునకు పుట్టినిల్లు ఇంగ్లండు. ఆర్థర్ కానన్ డాయిల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్ కథలు అరువది. అందు నవలలు నాలుగు, చిన్న కథలు ఏబదియారు. 1911లో ఆక్స్‌ఫర్డునందు రోనాల్డ్ నాక్స్ అను యువపండితుడు ఈ కథలను పవిత్ర గ్రంథములను పరిశోధించినంత గంభీరముగా పరిశోధించి, వానిలోని పొరపాటులను, తేదీల చిక్కులను బయటపెట్టి వ్యాసము చదివెను. అది పరిహాసమే. కాని ఆ పరిహాసము నుండి ఒక సంప్రదాయము పుట్టినది. 1934లో న్యూయార్కునందు క్రిస్టఫర్ మోర్లీ ఒక హోమ్స్ సంఘమును స్థాపించెను. 1951లో బ్రిటన్ ఉత్సవము జరిగినప్పుడు బేకర్ వీథి యుండు మెరిల్బోన్ పేటవారు హోమ్స్ ప్రదర్శన నొకదానిని ఏర్పాటు చేసిరి. ఆ ప్రదర్శనకు సామగ్రి సమకూర్చిన భారము ఆ పేట పౌర గ్రంథాలయమువారిది. దానికై చేరిన ఉత్సాహవంతులే ఆ యేడు లండను హోమ్స్ సంఘమును నెలకొల్పిరి. ఒక పేట గ్రంథాలయము పూనుకొన్న పని నుండి అంతటి సంఘము పుట్టినదనుట ఈ రజతోత్సవ సందర్భమున స్మరింపదగినది. అప్పుడు కూర్చిన హోమ్స్ గ్రంథ సంచయము ఆ ప్రాంతపు గ్రంథాలయములవారి అధీనమున నిలిచి పెరిగినది.

ఈ భాష్యకారుల వాదము మొదట పుస్తకముల మీద సాగినది, పిదప టెలివిజన్ మీదికి వచ్చినది. నేటి ప్రసంగము అట్టి వాద మొకదానిని గురించియే.

మాంచెస్టరు నగరమందలి గ్రెనడా టెలివిజన్ సంస్థవారు 1984 ఏప్రిల్ 24న హోమ్స్ కథల ధారావాహికను ప్రారంభించిరి. జెరెమీ బ్రెట్ హోమ్స్ వేషము ధరించెను. నిర్మాత మైకేల్ కాక్స్ ప్రతిజ్ఞ యొక్కటే: మూలమును వదలరాదు. హోమ్స్ ఏ పొగాకు త్రాగును, ఏ కోటు తొడుగును, వాట్సన్ ఏ మాటకు ఎట్లు ఆశ్చర్యపడును అను వివరములన్నియు కథల నుండి ఏరి ఒక పుస్తకముగా కూర్పించి నటులకు, పనివారికి ఇచ్చిరి. స్ట్రాండ్ మాసపత్రికలో సిడ్నీ పేజెట్ గీసిన బొమ్మలను చూచి, ఆ బొమ్మలలోని నిలుకడలనే తెరమీద నిలిపిరి. బ్రెట్ మూలగ్రంథము చేతబట్టుకొని సంభాషణలలోని ప్రతి మార్పునకును జగడమాడువాడని ప్రతీతి. పాఠకులలోని తగవులమారితనము నటునియందే యున్న, ఆ నాటకమునకు అంతకన్న భాగ్యమేమి?

పదేండ్లలో నలుబదియొక్క భాగములు వెలువడినవి. వానిలో ముప్పదియారు గంట కాలమునకు తగినవి, అయిదు నిడివి చిత్రములు. మొదటి వాట్సన్ డేవిడ్ బర్క్. అతడు తప్పుకొనిన పిదప 1986 నుండి ఎడ్వర్డ్ హార్డ్‌విక్ ఆ వేషము కట్టెను. ప్రేక్షకులు ఈ మార్పును ఓర్చుకొనిరి. మన పద్యనాటకములలో ఒకే రాత్రి మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు వచ్చినను జనము తెల్లవార్లు కూర్చుండి వినుట లేదా? వేషధారి మారినను పాత్ర నిలిచియున్నంత కాలము ప్రేక్షకునకు కొదువ లేదు.

1994 ఏప్రిల్ 4న ప్రసారమైన 'మజరిన్ మణి' యందు జరిగినది వేరు. అందు వేషధారి మారలేదు, పాత్రయే లేకపోయెను. హోమ్స్ మొదట కొంచెము కనబడి ఊరు విడిచి పోవును. మరల చివర కనబడును. నడుమ కథనంతయు నడపువాడు అతని అన్న మైక్రాఫ్ట్. ఆ వేషధారి చార్లెస్ గ్రే. అనగా కృష్ణునకు జబ్బు చేసినదని రెండవ కృష్ణుని రప్పింపక, బలరాముని రాయబారమునకు పంపినట్లైనది. బలరాముడు తక్కువవాడని కాదు. ఆ రాయబారము ఆయనది కాదు.

ఇట్లు చేయుటకు కారణము బ్రెట్ అనారోగ్యము. అతని భార్య జోన్ విల్సన్ 1985లో మరణించెను. అటుపిమ్మట అతనికి మనోవ్యాధి ముదిరి ఆస్పత్రిలో చేరవలసివచ్చెను. ఉన్మాదము, విషాదము ఒకదాని వెంట ఒకటి వచ్చు వ్యాధి యది. దానికి లిథియము వాడిరి. బాల్యమున వచ్చిన జ్వరము వలన గుండె అప్పటికే బలహీనమైయున్నది. 1984లో సన్నని కత్తివలె నున్న మనిషి 1994 నాటికి ఉబ్బిన ముఖముతో, కష్టమైన శ్వాసతో కనబడును. 'మజరిన్ మణి' చిత్రీకరణ సమయమునకు అతడు పనిచేయగల స్థితిలో లేకుండెను. ప్రసారపు గడువులు ఆగవు, పనివారు సిద్ధముగా నున్నారు. అందుచే హోమ్స్ మాటలను మైక్రాఫ్టునకు మార్చి వ్రాసిరి.

ఇప్పుడు అభిమానులలోని వాదమును వినవలెను. ఈ ధారావాహికలో అన్నిటికన్న బలహీనమైన భాగమేది అను ప్రశ్న వచ్చినప్పుడెల్ల ఈ పేరు ముందు వరుసలో నుండును. పక్షములు మాత్రము చీలును.

మొదటి పక్షము వారందురు: తప్పు గ్రెనడా వారిది కాదు, డాయిల్‌దే. మూలకథ 1921 అక్టోబరులో స్ట్రాండ్ పత్రికలో వచ్చినది. అది కథగా పుట్టినది కాదు. అదే సంవత్సరము రంగస్థలమున ఆడిన ఏకాంక నాటికను డాయిల్ కథగా మార్చెను. ఆ అతుకు దాగలేదు. కథ దాదాపు అంతయు ఒక్క గదిలోనే జరుగును. వాట్సన్ చెప్పవలసిన కథను మరెవరో ప్రథమపురుషలో చెప్పుదురు. హోమ్స్ తన మైనపు బొమ్మను కిటికీ యొద్ద నిలిపి, లోపలి గదిలో గ్రామఫోను పెట్టి, దొంగలు అది తాను వాయించుచున్న వాద్యమేయని నమ్మునట్లు చేసి, మెల్లగా వచ్చి బొమ్మ స్థానమున తాను కూర్చుండి, వారు మణిని వెలికి తీయగనే లాగికొనును. కిటికీ యొద్ద మైనపు బొమ్మ 1903 నాటి 'ఖాళీ ఇల్లు' కథలో అప్పటికే వాడబడినది. ఒక్క పాచిక రెండుమారులు వేసినవాడు డాయిల్ అయినను దోషి దోషియే. ఈ పక్షము వారి మాట కాదనరానిది. అరువది కథలలో అధమములను ఏరువారు ఈ కథను మరచుట అరుదు.

రెండవ పక్షము వారు దీనికి బదులు చెప్పుదురు: మూలము బలహీనమని తెలిసియే గదా గ్రెనడావారు 1924లో వెలువడిన 'మువ్వురు గారిడెబ్‌లు' అను మరియొక కథను తెచ్చి దీనితో ముడివేసిరి! ఆ ముడి వలన మొదటి కథ బాగుపడలేదు సరికదా, రెండవదియు చెడినది. ఇక్కడనే అసలు నొప్పి యున్నది. కొంచెము నిలిచి చెప్పవలెను.

'మువ్వురు గారిడెబ్‌లు' కథలో ఒక ముసలి వస్తుసంగ్రాహకుని ఇంటి క్రింద దొంగనోట్ల యంత్రము దాగియున్నది. ఇల్లు వదలి ఎన్నడును కదలని ఆ ముసలివానిని కదలించుటకు ఒక అమెరికా నేరస్థుడు, ఆ వింత యింటిపేరు గలవారు మువ్వురు దొరకిన గొప్ప ఆస్తి వచ్చునని కట్టుకథ అల్లును. హోమ్స్, వాట్సన్ కాచియుండి వానిని పట్టబోవగా వాడు తుపాకి పేల్చును. వాట్సన్ తొడకు గాయమగును. ఆ క్షణమున హోమ్స్ కండ్లలో నీరు తిరుగును, పెదవులు వణకును. ఎన్నడును బయటపడని హృదయము ఒక్కసారి బయటపడును. ఇన్నేండ్ల సేవకును ఆ ఒక్క చూపు చాలునని వాట్సన్ తలచును. గాయము చిన్నది. కాని అరువది కథలలో హోమ్స్ మిత్రునిపై ప్రేమను అంత బాహాటముగా చూపిన చోటు మరియొకటి లేదు. పాఠకులు ఆ అరపుట కొరకే ఆ కథను మరల మరల చదువుదురు.

గ్రెనడా చిత్రములో ఆ ఘట్టమునకు అవకాశమే లేదు. హోమ్స్ ఊరిలో లేడు. కన్నీరు పెట్టవలసిన కన్నులే అక్కడ లేవు. బ్రెట్, హార్డ్‌విక్ ఇరువురును ఎనిమిదేండ్లు కలిసి నటించి ఆ స్నేహమునకు ప్రాణము పోసినవారు. వారు ఆ ఘట్టమును ఆడియుండిన ఎట్లుండెడిదో యని అభిమానులు నేటికిని ఊహించుకొందురు. ఆ కథను కదలింపక విడిచిపెట్టియుండిన ఆ ఊహకైనను చోటుండెడిది. ముడివేసి వాడుకొనినందున ఆ ద్వారము మూసికొనిపోయెను. రెండవ పక్షము వారి ఫిర్యాదు ఇదియే. ఇది న్యాయమైన ఫిర్యాదు.

మైక్రాఫ్ట్ మీది వాదము వినోదకరమైనది. 1893 నాటి 'గ్రీకు ద్విభాషి' కథలో హోమ్స్ స్వయముగా చెప్పును: అన్న బుద్ధి తనకన్న మిన్న, కాని అతనికి కుర్చీ వదలి కదలు ఓపిక లేదు. తన ఊహ నిజమని నిరూపించుటకై నాలుగడుగులు వేయుటకన్న తప్పని అనిపించుకొనుటయే అతనికి మేలు. మాట్లాడుట నిషిద్ధమైన క్లబ్బులో కూర్చుండు మనిషి అతడు. అట్టివానిని దొంగల వెంట తిప్పుట స్వభావవిరుద్ధమని ఒకరందురు. 'బ్రూస్-పార్టింగ్టన్ ప్లానులు' కథలో రాజ్యకార్యము వచ్చినప్పుడు అతడే బేకర్ వీథికి నడచి రాలేదా యని మరియొకరందురు. వచ్చిన మాట నిజమే. వచ్చి, పని తమ్మునికి అప్పగించి పోయినాడు! చార్లెస్ గ్రే నటనను మాత్రము ఎవరును తప్పుపట్టరు. 1976 నాటి సినిమా యొకదానిలోను అతడు మైక్రాఫ్టే. ఆ చిత్రము నిలిచినంతవరకు ఆయన భుజముల మీదనే నిలిచినది.

మూడవ పక్షము వారు వాదము వలదందురు. రోగియైన నటుడు మరణమునకు ఏడాదిన్నర దూరమున నుండగా తీసిన చిత్రమునకు మార్కులు వేయుట అమానుషమని వారి మాట. ఈ మాటలో దయ యున్నది, కాని విమర్శకు అది జవాబు కాదు. బ్రెట్ జబ్బు ఆ చిత్రము ఏల అట్లు వచ్చెనో చెప్పును. అది బాగున్నదని చెప్పదు. మూలమునకై అంత జగడమాడిన నటుని గౌరవించుట యనగా అతడు పెట్టిన తూనికనే వాడుట గదా. ఆ తూనికలో ఈ భాగము తేలిపోవును.

అయినను అన్నిటికన్న అధమమను బిరుదు దీనికి తగదు. 1993లో వచ్చిన నిడివి చిత్రములు రెండున్నవి. 'చివరి రక్తపిశాచి'లో మూలమున లేని ఒక పాత్రను తెచ్చి కథ నడుమ కూర్చుండబెట్టిరి. 'వివాహార్హుడు' అను దానిలో హోమ్స్‌ను పీడకలలు కను మనిషిని చేసిరి. ఈ మార్పులకు నటుని అనారోగ్యము నెపము కాదు. గంటకు సరిపడు కథను రెండు గంటలకు సాగదీయవలెనను కోరికయే కారణము. ఇల్లు కాలుచుండగా కిటికీ విరుగగొట్టినవానిని ఎవరును నిందింపరు. కాలని ఇంటి కిటికీ విరుగగొట్టినవానిని అడుగవలసియుండును. అభిమానులు 'మజరిన్ మణి'ని తిట్టునంత గట్టిగా ఈ రెండింటిని తిట్టకపోవుట చిత్రము. బహుశః వానిలో హోమ్స్ తెరమీద నున్నాడు గనుక కాబోలు. యుగంధర్ లేని యుగంధర్ నవలను అద్దెకు తీసికొన్న పాఠకుడు మరునాడే గ్రంథపాలకుని మీదికి వచ్చును. యుగంధర్ ఉండి కథ బాగులేనిచో సణుగుకొనుచు వాపసు చేయును.

'మజరిన్ మణి' వెలువడిన వారమునకు, 1994 ఏప్రిల్ 11న, 'అట్టపెట్టె' ప్రసారమైనది. అందు బ్రెట్ మరల హోమ్స్‌గా కనబడెను. ముఖమున అలసట దాగదు. స్వరము మాత్రము 1984 నాటిదే. లోకమున ఈ దుఃఖచక్రమునకు అర్థమేమియని హోమ్స్ ప్రశ్నించుటతో డాయిల్ ఆ కథను ముగించెను, చిత్రమునకును అదియే ముగింపు. ధారావాహికకును అదియే ముగింపైనది. కథలన్నియు తెరకెక్కవలెనని బ్రెట్ కోరిక. పదునెనిమిదింటికి దగ్గరగా మిగిలిపోయినవి. 1995 సెప్టెంబరు 12న గుండె ఆగి అతడు మరణించెను. నేటికిని ఈ ధారావాహికను మొదటి నుండి క్రమముగా చూచువారు, చివరి భాగమునకు ముందు వచ్చు ఆ యొక్క భాగము నొద్ద ఆగి, చూడవలెనా దాటిపోవలెనాయని తగవులాడుచునే యుందురు.