కంగారుకు మూలం కంచంలోనూ ఉంటుంది

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ముందు మాట్లాడిన మిత్రులు వివరించారు. నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులుగా రిటైరైనవాణ్ణి. నాకు జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాను.

నాకు చాలాకాలంగా షుగరు. శనివారం ఒక్కపొద్దు అలవాటు. ఒక శనివారం మాత్ర వేసుకుని, కాఫీ మాత్రం తాగి బ్యాంకుకు వెళ్ళాను. వరుసలో నిలబడి ఉండగా చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, గుండె దడ. చెప్పలేని భయం. "కంగారుపడకండి మాస్టారూ, పెన్షను ఎక్కడికీ పోదు" అన్నారు పక్కనున్నాయన. ఎదుటి టీ బంకులో పంచదార నీళ్ళు కలిపి ఇస్తే పావుగంటలో తేరుకున్నాను. ఆరు నెలలుగా శనివారాల్లో ఇదే తంతు. "రిటైరయ్యాక మీకు పిరికితనం పట్టుకుంది" అని మా ఆవిడ, నిజమే కాబోలని నేను! పరీక్ష చేసిన డాక్టరుగారు, "ఇది మనోవ్యాధి కాదు, ఆకలి" అన్నారు.

కొన్ని షుగరు మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ తీసుకుని భోజనం మానితే రక్తంలో చక్కెర 70కి దిగువకు పడిపోతుంది. దాని లక్షణాలూ, ఆందోళన లక్షణాలూ ఇంచుమించు ఒకటే. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, తేరుకున్నాక అన్నం తినాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. గుండెల్లో నొప్పి ఉంటే పంచదారతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఉపవాసం మానమని చెప్పడానికి నేనెవరిని? డాక్టరునడిగి మాత్ర మార్చుకోండి. మనది బౌద్ధస్తూపం ఉన్న ఊరు. తిండి మాని శల్యమైన సిద్ధార్థుడు సుజాత పెట్టిన పాయసం తిన్నాకే కుదుటపడ్డాడని కథ.

రెండో సంగతి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఒంటరిగా మిగిలినవారు పొద్దున వండిన అన్నమే రాత్రికీ పచ్చడి మెతుకులుగా కానిస్తున్నారు. "ఒక్కదానికి కూరేమిటన్నయ్యా" అంటారు. బి12 విటమిన్ చాలకపోతే మతిమరుపు, దిగులు, కాళ్ళ తిమ్మిర్లు రావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారికి ఈ లోటు మరీ ఎక్కువ. ఈ విటమిన్ పాలు, పెరుగు, గుడ్లు, చేపల్లో ఉంటుంది. దివిసీమ పక్కనే ఉండి చేపలకు కరువా? శాకాహారులు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

2017లో ఆస్ట్రేలియాలో దిగులు జబ్బున్న 67 మందితో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరికి 12 వారాలు కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలతో భోజనం అలవాటు చేశారు. వారిలో దాదాపు మూడో వంతు కోలుకున్నారు. ఊరట మాటలతో సరిపెట్టిన రెండో జట్టులో కోలుకున్నది 8 శాతమే. చిన్న పరిశోధనే, మందులు మానమనీ కాదు. కానీ వరి కోతల ముందు చేలో చల్లే మన మినుములు, పెసలు ఆ జాబితాలోవే కదా!

సాయంత్రం కాఫీ ప్రియులకొక మాట. 5 గంటలకు తాగిన కాఫీలో కెఫీన్ సగం రాత్రి 10 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టక పైకప్పు చూస్తూ డి.ఏ. బకాయిలు లెక్కపెట్టుకునేది అప్పుడే.

భోజనాలు సిద్ధమని కబురొచ్చింది. మాత్ర వేసుకున్నవారు మొదటి పంక్తిలో కూర్చోండి. సెలవు.