సైనికోద్యోగము - చదువు - సంపాదన

(పటమటలో జరిగిన పంచాయతీ సభ్యుల సమావేశమునందలి ప్రసంగపాఠము)

పంచాయతీ సభ్యులారా,

పదవ తరగతి ఫలితములు వెలువడిన వారము దినములలోనే తలిదండ్రులు మీ యిండ్లకు వచ్చి, "మా వాడు మిలిటరీకి పోతానంటున్నాడు, మీ సలహా యేమి?" అని అడుగుట మనము ఎరిగినదే. కొందరు ఎనిమిదవ తరగతితోనే పిల్లవాని చదువు మాన్పించి, "సిపాయికి చదువెందుకు? ఒడ్డు, పొడుగు ఉన్నవి చాలును" అందురు. ఈ మాట ఎంతవరకు నిజమో లెక్కలతో పరిశీలించుటకే నేడు మనము ఇచ్చట కూడితిమి.

తెలుగు సీమకు సైనికోద్యోగము క్రొత్త కాదు. తాడేపల్లిగూడెమునకు సమీపమున గల మాధవరము 'మిలిటరీ మాధవరము' అను పేరనే ప్రసిద్ధి కెక్కినది. రెండు ప్రపంచ యుద్ధములందును ఆ గ్రామమువారు పాల్గొనిరి. ఇంటికొక సైనికుని పంపుట వారు గౌరవముగా భావింతురు. గౌరవము గొప్పదే. కాని ఉద్యోగమునకు పోవువాడు నెల జీతమును, ఉద్యోగము ముగిసిన పిమ్మటి జీవనమును గూర్చి ఆలోచించుట తప్పు కాదు.

సైన్యములో జీతము సర్టిఫికెట్టును బట్టి కాక హోదాను బట్టి నిర్ణయింపబడును. అయితే ఏ హోదాలో ప్రవేశించుటయో నిర్ణయించునది చాలవరకు చదువే. మన డెల్టా రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తూము ఏ మట్టమున పెట్టితిమో ఆ మట్టపు చేనికే నీరు పారును గదా!

ఆ మట్టము లెట్లున్నవో చూతము. వంటశాల, పారిశుద్ధ్యము వంటి కొన్ని పనులకు ఎనిమిదవ తరగతి చాలును. సాధారణ సిపాయి పనికి పదవ తరగతిలో మొత్తము మీద 45 శాతము మార్కులు కావలెను. సాంకేతిక విభాగమునకు ఇంటర్మీడియట్ సైన్సు గాని, పదవ తరగతిపై ఐ.టి.ఐ. లేక డిప్లొమా గాని ఉండవలెను. గుమాస్తా పనికి ఇంటర్మీడియట్‌లో 60 శాతము కావలెను. అధికారి కాగోరువాడు ఇంటర్మీడియట్‌తో నేషనల్ డిఫెన్సు అకాడమీకి గాని, పట్టముతో కంబైన్డ్ డిఫెన్సు సర్వీసెస్ పరీక్షకు గాని పోవలెను.

ఇక జీతములు. ఏడవ వేతన సంఘము సిఫారసుల ననుసరించి 2016 జనవరి 1 నుండి ఏర్పడిన పట్టికలో సిపాయికి ప్రారంభ మూల వేతనము 21,700 రూపాయలు. హవల్దారు మెట్టు 29,200 తోను, నాయిబ్ సుబేదారు మెట్టు 35,400 తోను, సుబేదారు మేజరు మెట్టు 47,600 తోను ప్రారంభమగును. లెఫ్టినెంటు మెట్టు ప్రారంభము 56,100 రూపాయలు. దీనికి తోడు సైనిక సేవా వేతనము సిపాయి మొదలు సుబేదారు మేజరు వరకు నెలకు 5,200 కాగా, లెఫ్టినెంటు మొదలు బ్రిగేడియరు వరకు 15,500. ఈ రెండింటిని కలిపినచో సిపాయికి 26,900, లెఫ్టినెంటుకు 71,600 అగును. కరవు భత్యము వేరు. ఒకే వీధిలో పుట్టి, ఒకే బడిలో అక్షరాభ్యాసము చేసిన యిద్దరి నడుమ ఇది రెండున్నర రెట్లకు మించిన తేడా. సిపాయిగా చేరినవాడు ఏండ్ల తరబడి శ్రమించి అందుకొను సుబేదారు మేజరు మెట్టు కంటె, పట్టభద్రుడు అడుగిడు తొలి మెట్టే ఎత్తుగా నుండుట గమనింపదగినది.

ఒకే హోదాలో నున్నవారి నడుమ గూడ చదువు తేడా తెచ్చును. సాంకేతిక వర్గమునకు చెందిన సైనికులలో గుర్తింపు పొందిన డిప్లొమాతో సమానమగు అర్హత గలవారికి నెలకు 6,200 రూపాయల అదనపు వేతనమును, ఆ వర్గములోనే అట్టి అర్హత లేనివారికి 3,600 రూపాయలను పై పట్టిక నిర్ణయించినది. 6,200 అనగా సంవత్సరమునకు 74,400 రూపాయలు. పటమట ప్రక్కనే ఆటోనగరు ఉన్నది. అచ్చట ఇంజను విప్పి బిగింపగల పిల్లలు ఎందరో కలరు. చేతిలో పని ఉన్నది, కాని సర్టిఫికెట్టు లేదు. అట్టివాడు సైన్యమునకు పోదలచినచో చేతిలోని నేర్పును లెక్కకు తెచ్చుటకు దారి లేదు. విజయవాడలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నది, ఐ.టి.ఐ. ఉన్నది. ఆ గడప త్రొక్కించినచో అదే పని విలువ పెరుగును.

2022 జూన్‌లో అగ్నిపథ్ పథకము ప్రకటింపబడినది. దీని ప్రకారము చేరు అగ్నివీరుల సేవాకాలము నాలుగేండ్లు. మొదటి యేడు నెలకు 30,000, పిమ్మట వరుసగా 33,000, 36,500, 40,000 రూపాయలు. ఇందులో నూటికి 30 వంతులు నిధికి పోవును, ప్రభుత్వము అంతే మొత్తము జతచేయును. నాలుగేండ్లకు వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు చేతికి వచ్చును. వారిలో నూటికి 25 మందికి మించకుండ సైన్యములో కొనసాగింతురు. తక్కినవారికి పింఛను లేదు.

ఇచ్చట ఒక ప్రశ్న వచ్చును. ఎనిమిదవ తరగతివానికిని, ఇంటర్మీడియట్‌వానికిని ఈ నాలుగేండ్లు ఒకే జీతమైనప్పుడు మరి చదువుతో పనియేమి? తేడా ఐదవ యేట కనబడును. ఇరువది మూడు, ఇరువది నాలుగేండ్ల వయస్సున ఊరికి తిరిగివచ్చినవాడు మరల ఉద్యోగము వెదకవలెను. కేంద్ర సాయుధ పోలీసు దళములలో అగ్నివీరులకు ప్రత్యేకముగా స్థానములు కేటాయించిరి. కాని కానిస్టేబులు పనికి పదవ తరగతి తప్పనిసరి. ఇంటర్మీడియట్ ఉన్నవానికి దారులు పెక్కు. పదవ తరగతితో చేరినవారు సేవలో నుండగనే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పండ్రెండవ తరగతి పూర్తి చేయవచ్చును. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము వీరికై ప్రత్యేక పట్టపు కోర్సు నేర్పరచి, సైనిక శిక్షణను అందులో సగము వంతుగా లెక్కించుచున్నది. పదునొకండు లక్షలు ఇంటి కప్పుకో, పెండ్లి ఖర్చుకో కరగిపోవచ్చును. పట్టము కరగునది కాదు.

తక్కువ చదువుతో చేరిన రెగ్యులరు సైనికునికి తలుపులు మూసికొని పోవు ననుటయు సరికాదు. సేవలో నుండి చదువుకొన్నవారిని ఎంపిక చేసి, డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కళాశాలలో పట్టము చదివించి అధికారులను చేయుచున్నారు. పదవ తరగతి ఉత్తీర్ణుడై పదునైదేండ్లు సేవ చేసిన మాజీ సైనికుడు, పట్టము కోరు కొన్ని కేంద్ర గ్రూపు 'సి' ఉద్యోగములకు గూడ అర్హుడే. అయితే పదవ తరగతి ఉండవలెను. అది లేనివానికి ఈ సదుపాయము లేదు.

ఇందులో పంచాయతీలు చేయదగిన పనులు ఐదు.

మొదటిది, పదవ తరగతిలో తప్పినవారి జాబితా వ్రాసికొని సప్లిమెంటరీ పరీక్షకు కూర్చుండబెట్టుట.

రెండవది, సర్టిఫికెట్లు. పుట్టిన తేదీ బడిలో ఒకటి, ఆధారులో ఒకటి ఉండుటచే దేహదారుఢ్య పరీక్షలో నెగ్గినవారు సైతము వెనుకకు తిరుగవలసి వచ్చును. జనన నమోదు పుస్తకము పంచాయతీ చేతిలోనే ఉన్నది. ముందుగనే సరిచూపించుడు.

మూడవది, గ్రంథాలయమున సాయంకాలము చదువుకొన వీలు కల్పించుట. 2023 నుండి సైనిక నియామకములో కంప్యూటరుపై వ్రాతపరీక్ష ముందు, పరుగు పిదప. ఒకప్పుడు తెల్లవారుజామున కాలువగట్టుపై పరుగెత్తినవానికే అవకాశము. నేడు లెక్కలు, సామాన్య విజ్ఞానము రానివాడు ఆ 1.6 కిలోమీటర్ల పరుగు వరకే రాలేడు.

నాలుగవది, చిన్నపిల్లలపై దృష్టి. విజయనగరము జిల్లాలో 1962లో స్థాపింపబడిన కోరుకొండ సైనిక పాఠశాల, కలికిరిలో 2014లో ఏర్పడిన సైనిక పాఠశాల ఆరవ తరగతి నుండియే ప్రవేశ మిచ్చుచున్నవి. బాలికలకు గూడ ఇప్పుడు ప్రవేశము కలదు. 2022 నుండి నేషనల్ డిఫెన్సు అకాడమీయు బాలికలను చేర్చుకొనుచున్నది. ఐదవ తరగతి ఉపాధ్యాయునితో ఒకసారి మాటాడి, తెలివిగల పిల్లలను ప్రవేశపరీక్షకు పంపుడు.

ఐదవది, దళారులు. "అంత యిత్తువా, ఉద్యోగ మిప్పింతును" అనువానిని ఊరిలో అడుగు పెట్టనీయకుడు. అట్టివానిని నమ్మి పొలము తాకట్టు పెట్టిన కుటుంబమునకు ఉద్యోగమును దక్కదు, పొలమును దక్కదు.

సభ్యులారా! సరిహద్దున మంచులో నిలిచినప్పుడు చదివినవానికి, చదువనివానికి చలి ఒక్కటే. ప్రమాదమును ఒక్కటే. త్యాగములో హెచ్చుతగ్గులు లేవు. కాని నెలాఖరున ఇంటికి చేరు పైకములో హెచ్చుతగ్గులు కలవు. వానిని తగ్గించు శక్తి వేతన సంఘములకే గాక, మీ ఊరి బడికిని కలదు. కాబట్టి రేపు ఏ తండ్రియైన వచ్చి సలహా అడిగినచో, "పంపుము, కాని ఇంకొక రెండేండ్లు చదివించి పంపుము" అని చెప్పవలసినదిగా మేము కోరుచున్నాము.

జైహింద్.